మామూలు లైను

ఆ పార్కులో ఎగిరే పడవ ఎక్కాలంటే రెండు దార్లు. ఒకటి, పొద్దున్నే ఫోన్లో చోటు బుక్ చేసుకుని, తమకిచ్చిన వేళకి పెళ్ళివారిలా చేతులూపుకుంటూ వెళ్ళి కూర్చోవడం. రెండోది మామూలు లైను.

టైలరమ్మది మామూలు లైను. అలాగని ఆమె ప్రయత్నించకపోలేదు. బుకింగ్ మొదలయ్యే వేళకి పరీక్ష ఫలితాల కోసం కూర్చున్నట్టు ఫోన్ పట్టుకుని కూర్చుంది. తెర మీద చిన్న చక్రం గానుగెద్దులా తిరిగి తిరిగి, చివరికి "ఈ రోజుకి అన్ని వేళలూ నిండిపోయాయి" అంది. అప్పుడే తలుపు తీసిన దుకాణంలో సరుకంతా అప్పుడే ఎలా అయిపోతుందో ఆమెకి అంతు పట్టలేదు. పక్కనే నిలబడి చూస్తున్న కూతురు, "పోన్లేమ్మా, లైన్లో నిలబడదాం. నాకేం కాళ్ళు నొప్పి పుట్టవు," అంది.

దానికి పుట్టవు, నిజమే. నెలంతా బడి యూనిఫారాల గిరాకీ. బట్టల కొట్లో ఓ మూల మిషను వేసుకుని పొద్దస్తమానం అంచులు మడిచి, నడుములు వదులు చేసి, తెగిన జేబులు అతికేది తల్లి. ఆ కూర్చోవడానికి నడుమూ, కొలతలకి లేచి నిలబడ్డానికి కాళ్ళూ పోటీపడి నొప్పి పుడతాయి. ఒక్కగానొక్క సెలవు రోజు మధ్యాహ్నం దాకా పడుకోవాలని ఆమె కోరిక. కానీ ఈ పార్కు మాట ఇప్పటికే వాయిదా మీద వాయిదా పడుతూ వచ్చింది. కూతురు అలిగితే బాగుండేది. అది అలగలేదు, సర్దుకుపోయింది. అందుకే రాక తప్పలేదు.

లైను చాంతాడంత ఉంది. చాంతాడైనా తిన్నగా ఉంటుంది. ఇది గౌనుకి కుచ్చులు పెట్టినట్టు మెలికలు తిరిగి ఉంది. ఇనప గుంజలు, గుంజల మధ్య తాళ్ళు. ఇటునుంచి అటు నడవడం, చివర గుంజ చుట్టూ తిరిగి అటునుంచి ఇటు రావడం. పైగా పక్క దారిలో బుకింగ్ వాళ్ళ గుంపు వచ్చినప్పుడల్లా, పసుపు చొక్కా తొడుక్కున్న గేటావిడ మామూలు లైనుకి తాడు అడ్డం పెట్టేస్తుంది. వాళ్ళంతా దర్జాగా వెళ్ళేదాకా వీళ్ళు కొయ్యబొమ్మలు.

టైలరమ్మ నీలం గొడుగు తెరిచి కూతురి నెత్తిన పట్టింది. కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు. నోరు మూతపడదని ఆ పేరు. ముందున్న వాళ్ళ టోపీల గురించీ, పడవ పైకి లేచినప్పుడు పొట్టలో ఏమవుతుందన్నదాని గురించీ అది ఎడతెగకుండా మాట్లాడుతోంది. తల్లి ఊఁ కొడుతోంది. అలా ఊఁ కొడుతూనే తాడుకి అవతల, ఎదురుగా వస్తున్న వరసలో ఒక ముసలి చెయ్యి చూసింది. తాడు పట్టుకుని నడుస్తున్న చెయ్యి. చిటికెన వేలు వంకర. ఎప్పుడో మిషను సూది దిగి వంకరపోయిన వేలు.

ముఖం చూడక్కర్లేకపోయింది. అయినా చూసింది.

అత్తయ్య.

ఒకప్పటి అత్తయ్య అనాలేమో. మాజీ మంత్రులుంటారు, మాజీ ప్రెసిడెంట్లుంటారు గానీ మాజీ అత్తలుంటారా? మొగుడితో విడాకులు ఇప్పించిన కోర్టు, అత్తని ఆ తర్వాత ఏమని పిలవాలో చెప్పి పంపలేదు. టైలరమ్మ గొడుగు కిందికి దించేసింది. ఆవిడ ఓ చిన్న పిల్లాడి చెయ్యి పట్టుకుని, తలొంచుకుని దాటిపోయింది. చూడలేదు.

మెలికల లైనుతో వచ్చిన చిక్కే అది. దాటిపోయిన మనిషి పోదు. గుంజ తిరిగి మళ్ళీ ఎదురవుతుంది. వాళ్ళు ఓ మెలిక ముందున్నారు, వీళ్ళు ఓ మెలిక వెనకున్నారు. ఈ లెక్కన గేటు దాకా ఎదురుపడుతూనే ఉండాలి.

రెండోసారి ఆవిడ చూసింది. చూపు టైలరమ్మ మీద ఆగి, పక్కనున్న పిచ్చుక మీదికి జారి, అక్కడే కాస్సేపు ఉండిపోయింది. తర్వాత పిల్లాడి కాలర్ సర్దుతున్నట్టు వంగింది. సర్దడానికి ఆ కాలర్‌కి ఏమీ కాలేదు.

ఆ ఇంట్లో టైలరమ్మ కాపురం చేసింది కొన్నేళ్ళే. మొగుడు కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఇంటికి వచ్చేవాడు కాదు, అంతే. రేపొస్తానంటే ఎల్లుండి, ఎల్లుండి అంటే దేవుడికెరుక. కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసి, అతను ఎదురుచూసే మనిషి వేరే ఉందని తెలిశాక, చంటిపిల్లని చంకనేసుకుని బయల్దేరింది. ఆ పొద్దున అత్తగారు వంటింట్లో పొయ్యి వైపు తిరిగి నిలబడింది. వెళ్ళొస్తానంటే వెనక్కి తిరగలేదు. మిషను తొక్కడం నేర్పింది ఆవిడే. ఈరోజు నోట్లోకి నాలుగు వేళ్ళు వెళ్తున్నాయంటే ఆవిడ చలవే. అందుకే ఆ వీపు ఇన్నాళ్ళూ ములుకులా గుచ్చుకుంటూనే ఉంది.

మూడోసారి ఎదురుపడేటప్పటికి పిల్లాడు రాగం అందుకున్నాడు.

"తమ్ముడూ, ఎందుకేడుస్తున్నావ్?" అంది పిచ్చుక, తాడు మీంచి వంగి. "బిస్కెట్టు తింటావా?"

ఎవరైనా చిన్నపిల్లాణ్ణి తమ్ముడూ అనే పిలుస్తారు. బస్సులో, వీధిలో, కొట్లో అందరూ తమ్ముళ్ళే. అయినా టైలరమ్మ గుండె ఒక్క క్షణం కుట్టు తప్పింది. పిల్లాడి ముక్కు ఎవరి ముక్కో పోల్చుకోవడానికి ఆమెకి అద్దం అక్కర్లేదు, పక్కనున్న కూతురి ముఖం చాలు.

సరిగ్గా అప్పుడే గేటావిడ తాడు అడ్డం పెట్టింది. బుకింగ్ వాళ్ళ గుంపు ఒకటి, దాని వెనక ఇంకొకటి. ఈసారి గుంపు పెద్దది. ఎక్కడి వాళ్ళక్కడ ఆగిపోయారు. అత్తా కోడళ్ళ మధ్య ఒక్క తాడు మిగిలింది.

ఇద్దరూ పడవ వైపు చూస్తూ నిలబడ్డారు. పడవ లేచింది, జనం కేకలు పెట్టారు, దిగింది. మళ్ళీ లేచింది.

"ఆ గొడుగు కొంచెం ఇటు వంచవే," అంది అత్తగారు, ఎవరి వైపూ చూడకుండా. "పిల్లాడి నెత్తి మాడిపోతోంది."

బాగున్నావా లేదు, ఎన్నాళ్ళకెన్నాళ్ళకి లేదు. ఆ గొంతుకి టైలరమ్మ చెయ్యి దానంతటదే గొడుగు వంచింది. వంచాక తన మీద తనకే కోపమొచ్చింది.

"మీరొక్కరే నిలబడ్డారేం?"

"వాళ్ళకి పెద్ద చక్రానికి ఫోన్లో చోటు దొరికిందిట. ఇద్దరికే. నన్నూ వీణ్ణీ ఇక్కడ లైన్లో ఉండమన్నారు. అదయ్యాక వచ్చి కలుస్తారు. నాకేం, నిలబడ్డమేగా."

ఆవిడ పాదాలు చెప్పుల పట్టీల మీంచి పొంగిన పిండిలా ఉబ్బి ఉన్నాయి. టైలరమ్మ చూసింది. ప్రతి ఇంటికీ ఒక నిలబడే మనిషి ఉంటుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, కరెంటాఫీసులో ఇంటిల్లిపాది తరఫునా నిలబడే మనిషి. ఆ ఇంట్లో మొదట ఈవిడ. పెళ్ళయ్యాక ఆ పని తనకొచ్చింది. తను బయటపడ్డాక మళ్ళీ ఈవిడకే చేరిందన్నమాట.

"అమ్మా, ఈ నాన్నమ్మ నీకు తెలుసా?" పిచ్చుక ఊరుకునే రకం కాదు.

"తెలుసు."

"ఎవరూ?"

ఆవిడ పిల్లాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. జవాబు కోసం ఆవిడ కూడా ఎదురుచూస్తోందని టైలరమ్మకి తెలిసింది. పక్కింటావిడ అని అబద్ధమాడొచ్చు. కానీ అబద్ధమాడితే దానికి కాపలా కాయాలి, అంత ఓపిక ఆమెకి లేదు.

"నాన్నమ్మే. మీ నాన్న వాళ్ళమ్మ."

పిచ్చుక తాడు మీంచి ఇంకాస్త వంగింది. "నిజం నాన్నమ్మా?"

"నిజం నాన్నమ్మనే," అంది ముసలావిడ. తాడు మీంచి చెయ్యి చాపి దాని చెంప నిమిరింది. "నీకు పిచ్చుకని పేరు పెట్టింది ఎవరనుకున్నావ్? నేనే. ఉయ్యాల్లో పడుకుని కూడా వాగుతుండేదానివి. నీ అరుపులకి మా వీధిలో కాకులన్నీ వేరే వీధికి కాపురం మార్చాయి."

పిచ్చుక కిసుక్కున నవ్వింది. మరుక్షణంలో దానికి ఇంకో సంగతి తోచింది. "అయితే ఈ తమ్ముడు..."

"తమ్ముడే," అంది తల్లి.

అప్పటిదాకా తట్టని విషయం అప్పుడు తట్టింది ఆమెకి. వాళ్ళు వచ్చి కలుస్తారు. అంటే అతను వస్తాడు. ఈ తాళ్ళ మధ్యకే వస్తాడు. వెళ్ళిపోదామా అనుకుని వెనక్కి చూసింది. వెళ్ళాలంటే ఇంతమందినీ తోసుకుంటూ, కాళ్ళు తొక్కుతూ, చివాట్లు తింటూ ఈ మెలికలన్నీ వెనక్కి నడవాలి. పారిపోవడానికైనా ఒంట్లో సత్తువ ఉండాలి. నిలబడిపోయింది.

గేటావిడ తాడు తీసింది. లైను కదిలింది. అత్తగారు అటు, వీళ్ళు ఇటు.

తర్వాతి మెలికలో, "భుజం నొప్పి తగ్గిందా?" అని అడిగింది ఆవిడ, నడుస్తూనే.

"లేదు."

ఆ తర్వాతి మెలికలో, "మిషను పాతదేనా?"

"మోటారు పెట్టించాను."

"మంచిపని చేశావ్."

ఇలా ముక్కలు ముక్కలుగా మాట్లాడుకుంటూ పోతే కాలక్షేపంగానే ఉండేది. కానీ టైలరమ్మకి అది చాలలేదు. మళ్ళీ ఎదురుపడగానే అనేసింది.

"ఆ రోజు మీరు ఒక్క మాటైనా అనలేదు. ఇటు తిరగను కూడా లేదు."

ముసలావిడ నోరు తెరిచింది. వెనకవాళ్ళు "నడవండమ్మా, నడవండి" అన్నారు. నడవాల్సి వచ్చింది.

ఆ మెలిక నడిచినంతసేపూ టైలరమ్మ తను అన్న మాటే తలచుకుంది. అనకుండా ఉండాల్సింది అనుకుంది. ఎప్పుడో అనాల్సింది అని కూడా అనుకుంది. గుంజ తిరిగింది. ఎదురుగా ఆవిడ వస్తోంది, మెల్లగా, ఒక కాలు ఈడుస్తూ.

"ఏమనమంటావ్?" అంది దగ్గరికి రాగానే, మధ్యలో ఏమీ ఆగనట్టే. "ఉండిపోవే అంటే ఉండిపోయేదానివి. నీ సంగతి నాకు తెలీదా? నా మొహం చూస్తే కాళ్ళాడేవి కావు నీకు. ఉండి ఏం బావుకునేదానివి? ఇదిగో, ఇలా లైన్లలో నిలబడేదానివి."

"ఇప్పుడూ లైన్లోనే ఉన్నానుగా," అంది టైలరమ్మ.

"ఇది నీ పిల్ల కోసం. అది వేరు."

దాటిపోయారు. ఆ మాట నిజమో, లేక ఒక మెలిక తిరిగేలోగా అల్లుకొచ్చిందో టైలరమ్మకి తేలలేదు. అల్లికలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషే. అయినా ఏదో ఒకటి చెప్పాలని అల్లుకొచ్చింది కదా అనిపించింది. కోపం పోలేదు. కోపం మీద కాస్త నీళ్ళు జల్లినట్టయింది, అంతే.

ముసలావిడ ముందు గేటు చేరింది. సరిగ్గా ఆ వేళకి తాళ్ళ బయటినుంచి కేక వినబడింది. "అమ్మా! ఆగు, వచ్చేస్తున్నాం!"

అతనే. జుట్టు పల్చబడింది గానీ గొంతు మారలేదు. వెనకే అతని భార్య, రెండు భుజాలకీ రెండు సంచులు తగిలించుకుని ఆయాసపడుతూ వస్తోంది. అతను తాడు ఎత్తి లోపలికి దూరబోయాడు. గేటావిడ అడ్డం నిలబడింది.

"మధ్యలో కలవడానికి లేదు సార్. చివరికెళ్ళి నిలబడండి."

"మా అమ్మ మా కోసమేనండీ నిలబడింది ఇంతసేపూ!"

"ఆవిడ నిలబడితే ఆవిడ ఎక్కుతారు. మీరు నిలబడితే మీరు ఎక్కుతారు."

లైన్లో జనం గోల పెట్టారు. "మేమేమైనా పిచ్చోళ్ళమా?" "వెనక్కి పంపండమ్మా ఆయన్ని!" అతను తాడు వదిలేశాడు.

గేటావిడ ముసలావిడ వైపు తిరిగింది. ఆ ఎండలో ఆవిడకీ ఓపిక అడుగంటినట్టుంది. "పిల్లాణ్ణి ఒంటరిగా ఎక్కించం మామ్మా. మీకు మోకాళ్ళ నొప్పులా? అయితే మిమ్మల్నీ ఎక్కించం. పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా లైన్లో?"

పిల్లాడి పెదవి వంకర తిరగడం మొదలైంది. అత్తగారు ఒక్క క్షణం తాడు బయటున్న కొడుకు వైపు చూసింది. తర్వాత చెయ్యెత్తి వెనక్కి చూపించింది.

"ఉంది. మా కోడలు వస్తోంది. అదిగో, ఆ నీలం గొడుగు."

ఆ మాట అందరికీ వినబడింది. లైన్లో వాళ్ళు గొడుగు వైపు చూశారు. బయటున్న భార్య కూడా చూసింది. అతను చూశాడు.

టైలరమ్మ కాదని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట వినడానికి ఇన్ని చెవులు మళ్ళీ దొరకవు. కానీ పిల్లాడు అప్పటికే చేతులు చాపి పిచ్చుక వైపు పరుగెత్తుకొస్తున్నాడు. అంతసేపు నిలబడ్డ కాళ్ళకి పంతాలు పట్టవు.

"వస్తున్నా అత్తయ్యా," అంది.

"ఎవరమ్మా ఆయన?" పిచ్చుక చెవిలో గొణిగింది, గేటు దాటుతూ.

"మీ నాన్న."

పిచ్చుక వెనక్కి తిరిగి చూసింది. కొత్తగా వచ్చిన మాస్టారిని చూసినట్టు, పైనుంచి కిందిదాకా చూసింది. "ఓహో," అంది. ఆ తర్వాత, "ముందు వరస దొరుకుతుందా మనకి?" అని అడిగింది.

ముందు వరస దొరకలేదు, వెనకది దొరికింది. పిల్లలిద్దరూ చెరో పక్కా, మధ్యలో తనూ. పడవ లేచినప్పుడు ఇద్దరూ ఆమె చేతులు గోళ్ళు దిగేలా పట్టుకున్నారు. కింద ఊరంతా అగ్గిపెట్టెల్లా కనబడింది. చల్లటి గాలి చెమట మీద తగిలింది. ఎన్నాళ్ళకో కూర్చున్నట్టనిపించి ఆమె కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేలోగా అయిపోయింది. ఆవలింత కూడా దానికంటే ఎక్కువసేపు ఉంటుంది.

"అంతేనా?" అన్నాడు పిల్లాడు.

బయటికొచ్చే దారి దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. ముసలావిడ ఒక గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పేసింది. టైలరమ్మ పిల్లాణ్ణి తల్లికి అప్పజెప్పింది. ఆ అమ్మాయి దగ్గరనుంచి చూస్తే చాలా అలసి ఉంది. కళ్ళ కింద నలుపు. ఏమనాలో తోచక, "థాంక్సక్కా," అంది. అక్కా అని పిలిచినందుకు ఆ అమ్మాయే కాస్త ఉలిక్కిపడింది.

"బాగున్నావా?" అన్నాడతను.

"బాగున్నాను."

"పాప పెద్దదైపోయింది."

"అవుతారు," అంది టైలరమ్మ.

అతను పిచ్చుక వైపు వంగాడు. "ఐస్‌క్రీమ్ తింటావా? కొనిపెట్టనా?"

"అక్కడ లైనుందా?"

అతను కొట్టు వైపు చూశాడు. "ఉంది... కొంచెం."

"అయితే వద్దులెండి," అంది పిచ్చుక, మర్యాదగానే.

గట్టు మీద ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికో, మరెందుకో. టైలరమ్మ వంగి ఆవిడ చెప్పు పట్టీ కొంచెం వదులు చేసి కాలికి తొడిగింది. కొట్టు పేరు చెప్పింది. ఫోన్ నంబరు అడిగితే చెప్పింది. ఆవిడ చిన్న పాత ఫోన్లో వంకర వేలితో మెల్లగా నొక్కుకుంది. అతను దూరంగా చూస్తూ నిలబడ్డాడు.

బస్సులో పిచ్చుకకి కిటికీ పక్క చోటు దొరికింది. కూర్చోగానే అడిగింది.

"నాన్నమ్మ మీద నీకు కోపమా?"

"ఉంది."

"మరి నంబరెందుకిచ్చావ్?"

"కాళ్ళు లాగేస్తున్నాయే తల్లీ. ఇంటికెళ్ళాక చెప్తాను."

ఇంటికెళ్ళాక చెప్పలేదు. ఇద్దరూ పడ్డవాళ్ళు పడ్డట్టే నిద్రపోయారు.

కొన్నాళ్ళకి, కొట్లో పని ఊపిరాడనివ్వని ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. తెలియని నంబరు. టైలరమ్మ మోగనిచ్చింది. ఆగింది. మళ్ళీ మోగింది. నోట్లో గుండుసూదులు తీసి పక్కన పెట్టి, ఎత్తింది.

"నేనే," అంది గొంతు.

"చెప్పండత్తయ్యా."

చెప్పడానికి ఆవిడకి పెద్దగా ఏమీ లేదు. మోకాళ్ళకి ఏదో కొత్త నూనె రాసుకుంటోందిట, లాభం లేదుట. పిల్లాడు అక్క ఏదీ అని అడుగుతున్నాడుట. ఇంట్లో ఎవరూ లేరుట ఇప్పుడు, అందరూ బయటికెళ్ళారుట.

"పిల్ల బడినుంచి వచ్చిందా?"

"ఇంకా లేదు. సాయంత్రానికి వస్తుంది."

"అయితే సాయంత్రం చేస్తాను," అని పెట్టేసింది.

సాయంత్రం చేసింది.